ఫుకుషిమా నుంచి కొవ్వాడ దాకా మీ వార్త ఎందుకు నమ్మాలి? తెలుగు సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా ఛానెళ్లలో బ్రేకింగ్ ఏది వెయ్యాలో నిర్ణయించే పెద్దలకు,

నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, అణు విద్యుత్తు కావాలా వద్దా అన్న గొడవ ఈ ఉత్తరంలో లేదు. ఆ గొడవలో మీరు ఎటువైపు ఉన్నా నాకు అభ్యంతరం లేదు. 2011లో జపాన్ ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు నేను టోక్యోలో ఉన్నాను, నిషి-కసాయ్‌లో, అంటే మన ఐటీ వాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో. ఇంట్లో జపాన్ టీవీ, ఫోన్లో అమ్మానాన్నల ద్వారా మీ టీవీ, రెండూ ఒకేసారి వినేవాణ్ణి. ఆ నెలలో రెండింటి మీదా పోయిన నమ్మకం ఇంతవరకూ తిరిగి రాలేదు. "జనం వాట్సాప్‌ని నమ్ముతున్నారు, మమ్మల్ని నమ్మడం లేదు" అని మీరు సంపాదకీయాల్లో బాధపడటం ఈమధ్య తరచూ చూస్తున్నాను కాబట్టి, కనీసం ఒక పాఠకుడికి ఆ నమ్మకం ఎక్కడ, ఎలా పోయిందో చెబుదామని రాస్తున్నా.

ముందు జపాన్ సంగతి. మార్చి 11 మధ్యాహ్నం భూకంపం, ఆ వెంటనే సునామీ. 12వ తేదీ మధ్యాహ్నం 3:36కి ఒకటో రియాక్టర్ భవనం పేలింది. ఆ పేలుడు పట్టుకున్నది ఫుకుషిమా సెంట్రల్ టెలివిజన్ అనే స్థానిక ఛానెల్ కెమెరా, ప్లాంటుకి సుమారు 17 కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఉన్నది. అదేమిటో వాళ్ళకీ తెలియదు, అయినా కనిపించింది కనిపించినట్టు నాలుగు నిమిషాల్లో తమ ప్రాంతంలో ప్రసారం చేసేశారు. అదే దృశ్యం జాతీయ నెట్‌వర్క్ మీద దేశమంతటికీ చేరడానికి గంటకు పైగా పట్టింది. సాయంత్రం ప్రభుత్వం తరఫున మాట్లాడే ఎడానో టీవీలోకి వచ్చి "పేలుడులాంటి ఘటన ఏదో" జరిగిందన్నారు. దేశం మొత్తం కళ్ళారా చూసిన దాన్ని అలా అన్నారు.

పేలుడుకి ముందు, అదే రోజు, అణు భద్రతా సంస్థ ప్రతినిధి నకమురా ప్రెస్‌మీట్‌లో ఒక మాట అన్నారు, రియాక్టర్ లోపల ఇంధనం కరుగుతూ ఉండే అవకాశం ఉందని. ఆ రాత్రికే ఆయన్ని మాట్లాడే పని నుంచి తప్పించారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాట జోలికి వెళ్ళలేదు, "ఇంధనం దెబ్బతింది" అనే దగ్గరే ఆగిపోయారు. ఇంధనం కరిగిపోయిందని ఆ ప్లాంటు నడిపే టెప్కో కంపెనీ ఒప్పుకున్నది మే నెలలో, రెండు నెలల తర్వాత. ఆ మాట వాడొద్దని కంపెనీ అధ్యక్షుడు షిమిజు స్వయంగా ఆదేశించారని బయటపడింది 2016లో, అంటే ఐదేళ్ళకి. ప్రమాద తీవ్రత కొలమానం కూడా చూడండి: మార్చి 12న స్థాయి 4, 18న 5, ఏప్రిల్ 12న ఒక్కసారిగా 7, చెర్నోబిల్‌తో సమానం. ప్రమాదం ఆ నెల రోజుల్లో పెరిగిందేమీ లేదు, బయటికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు వారాల్లోనే వచ్చింది. చెప్పడమే నెల పట్టింది.

ఇది ప్రభుత్వం తప్పు, కంపెనీ తప్పు, మధ్యలో మీడియాని ఎందుకు అంటున్నావ్ అంటారేమో. ఆ ప్రెస్‌మీట్లలో రోజుకి ఎన్నో గంటలు కూర్చున్నది ఎవరు? జపాన్‌లో ప్రెస్ క్లబ్బులని ఒక పద్ధతి ఉంది, ఒక్కో మంత్రిత్వ శాఖకీ, పెద్ద కంపెనీలకీ అంటిపెట్టుకుని పెద్ద పత్రికల విలేకరులకే చోటుండే గుంపులు. బయటివాళ్ళు, ఫ్రీలాన్సర్లు అక్కడ అడుగు పెట్టాలంటే కష్టం. గట్టి ప్రశ్నలు అడిగినవాళ్ళలో చాలామంది అలా పోట్లాడి లోపలికి వచ్చిన ఫ్రీలాన్సర్లే. టెప్కో ఛైర్మన్ కత్సుమాతా భూకంపం రోజున చైనాలో ఉన్నారనీ, వెంట ఉన్నవాళ్ళలో మీడియా సంస్థల మాజీ పెద్దలున్నారనీ బయటికి వచ్చింది కూడా ఒక ఫ్రీలాన్సర్ అడిగిన ప్రశ్న వల్లే. టెప్కో మామూలు రోజుల్లో దేశంలోని పెద్ద ప్రకటనదారుల్లో ఒకటి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన జపనీయులకి ఏమనిపించి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మన దగ్గర ఫుల్ పేజీ యాడ్ ఇచ్చిన కాలేజీ మీద వార్త ఏ సైజులో వస్తుందో మీకు బాగా తెలుసు.

ఇక విలేకరులు ఎక్కడున్నారన్న ప్రశ్న. మినమిసోమా అనే ఊరు ప్లాంటుకి సుమారు 25 కిలోమీటర్లు. 20 నుంచి 30 కిలోమీటర్ల మధ్య ఉన్నవాళ్ళు ఇళ్ళు కదలొద్దు, తలుపులు వేసుకుని లోపలే ఉండండి అని ప్రభుత్వం చెప్పింది. పెద్ద పత్రికలు, టీవీలు ఆ హద్దు బయటికి తమ మనుషుల్ని లాగేసుకున్నాయి, కొన్నైతే ఇంకా దూరానికి. అంటే ఏమైందో చూడండి: టీవీలో "లోపలే ఉంటే చాలు, ప్రమాదం లేదు" అని చెప్తున్నవాళ్ళు అక్కడ తమ సొంత ఉద్యోగిని మాత్రం ఉంచలేదు. లారీలు రావడం మానేశాయి, తిండి, పెట్రోలు అయిపోతున్నాయి, అడగడానికి ఒక్క విలేకరి లేడు. చివరికి మేయర్ సకురాయ్ కెమెరా ముందు కూర్చుని తమ గోడు చెప్పుకుని యూట్యూబ్‌లో పెట్టించారు. అందులో ఆయన జర్నలిస్టుల్ని వచ్చి చూడమని అడిగారు. ఫోన్లో వివరాలు తీసుకుని రాస్తే సరిపోదు, రండి అన్నారు. ఒక ఊరి మేయర్ ప్రపంచానికి కనపడటానికి యూట్యూబ్ మీద ఆధారపడాల్సి వచ్చిందంటే, జనం పత్రికలు వదిలి ఇంటర్నెట్ పట్టుకున్నారని ఎవరిని తిట్టాలి?

అన్నిటికన్నా నన్ను కలచివేసింది నమియే ఊరి సంగతి. తీరం దగ్గర ఉన్న ఆ ఊరి జనాన్ని ఖాళీ చేయమన్నప్పుడు, వాళ్ళు వేల మంది వాయవ్య దిక్కున కొండల్లో ఉన్న త్సుషిమా ప్రాంతానికి వెళ్ళారు. దూరం పెరిగింది కాబట్టి మేలే అనుకున్నారు, స్కూళ్ళలో, సమావేశ మందిరాల్లో ఉన్నారు, పిల్లలు బయట ఆడుకున్నారు. మార్చి 15న గాలి సరిగ్గా అటే తిరిగింది, ఆపైన వాన, మంచు. గాలి ఎటు వీస్తే ఏ ఊరి మీద పడుతుందో లెక్కకట్టే స్పీడీ అనే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది. ఎంత విడుదలైందో తెలియదు కాబట్టి ఆ లెక్కలు కచ్చితమైనవి కావు, నిజమే, కానీ దిక్కు చూపించేవి. అవి 14వ తేదీన అమెరికా సైన్యానికి అందాయి. సొంత జనానికి 23న చెప్పారు. దాచడం హత్యతో సమానమని ఆ ఊరి మేయర్ బాబా తర్వాత అన్నారు.

ఇక్కడ ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. కిమురా షింజో అనే రేడియేషన్ శాస్త్రవేత్త, ఉద్యోగం చేస్తున్న ప్రభుత్వ పరిశోధనా సంస్థ వాళ్ళు సొంతంగా కొలతలకి వెళ్ళొద్దంటే రాజీనామా ఇచ్చేసి బయల్దేరారు. జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో కొందరు పాత చేతులు, అంటే ఏళ్ళ తరబడి అణు విషయాల మీద డాక్యుమెంటరీలు తీసినవాళ్ళు, ఆయన వెంట వెళ్ళారు. 30 కిలోమీటర్ల లోపలికి వెళ్ళకూడదన్న తమ సంస్థ నియమాన్నే దాటారు. రోడ్డు పొడవునా కొలుచుకుంటూ వెళితే నమియేలోని అకౌగి అనే పల్లెలో మీటరు ముల్లు బాగా పైకి లేచింది, అక్కడి మందిరంలో ఇంకా జనం ఉన్నారు, తామున్న చోటు ఎలాంటిదో వాళ్ళకి తెలియదు. వీళ్ళు చెప్పాకే కదిలారు. ఆ కార్యక్రమం మే నెలలో ప్రసారమైంది. అదే ఎన్‌హెచ్‌కే, అదే భవనం, అదే లైసెన్సు ఫీజు. అందుకే "మీడియా మొత్తం అమ్ముడుపోయింది" అనే మాట నాకు నచ్చదు. ఒక సంస్థలోనే ఒక అంతస్తు ప్రెస్‌నోట్ చదువుతుంటే ఇంకో అంతస్తు మీటరు పట్టుకుని కొండ ఎక్కింది. రెండో అంతస్తుని ఎంతకాలం ఉండనిస్తారన్నదే ప్రశ్న. 2016లో కుమమోటో భూకంపం వచ్చినప్పుడు, అణు కేంద్రాల వార్తలు అధికారిక ప్రకటనల ఆధారంగానే ఇవ్వాలని అప్పటి ఎన్‌హెచ్‌కే అధ్యక్షుడు మోమీ తన సిబ్బందికి చెప్పారు. ఐదేళ్ళలో నేర్చుకున్నది అదన్నమాట.

అంకెల దగ్గర జరిగిన గారడీ కూడా చెప్పాలి, దీన్ని మన విలేకరులు తప్పక నేర్చుకోవాలి. టీవీలో "గంటకి ఇన్ని మైక్రోసీవర్టులు, ఒక ఛాతీ ఎక్స్‌రేలో ఇంతకన్నా ఎక్కువ వస్తుంది" అని రోజూ పోల్చి చూపించేవాళ్ళు (సీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). ఎక్స్‌రే ఒక్కసారి, క్షణంలో అయిపోతుంది. అక్కడిది ప్రతి గంటా. రోజుకి 24తో, నెలకి 720తో గుణించాలి. పైగా అది బయటి నుంచి తగిలేది మాత్రమే, గాలితో, పాలతో లోపలికి వెళ్ళేది వేరే లెక్క. ఇంత చిన్న విషయం గ్రాఫిక్ వేసినవాళ్ళకి తెలియదా? తెలియకపోతే ఆ డెస్క్ మీద ఎందుకు కూర్చున్నారు, తెలిస్తే ఎందుకు వేశారు?

మార్చి 23న టోక్యోలో కనమాచి నీటి శుద్ధి కేంద్రం నీళ్ళలో లీటరుకి 210 బెకరెళ్ల (ఒక పదార్థంలో రేడియోధార్మికత ఎంతుందో చెప్పే కొలత) రేడియోధార్మిక అయోడిన్ ఉందని ప్రకటించారు, పసిపిల్లలకి పరిమితి 100. మా పేటకి వచ్చేవి అవే నీళ్ళు. మా పాపకి అప్పుడు ఏడు నెలలు. మరుసటి రోజు 79కి దిగిందన్నారు, పిల్లలున్న ఇళ్ళకి బిడ్డకి మూడేసి చిన్న సీసాలు పంచారు. నిజానికి ఈ ఒక్క విషయంలో వాళ్ళు నిజాయితీగానే ఉన్నారు, అంకె, చోటు, తేదీ, పరిమితి అన్నీ చెప్పారు, మేమూ అలాగే నమ్మి నడుచుకున్నాం. కానీ అప్పటికే పన్నెండు రోజులు గడిచాయి, షాపుల్లో నీళ్ళ సీసాలు ఎప్పుడో ఖాళీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే తుని నుంచి నాన్న ఫోన్. "ఏరా, టోక్యో అంతా కమ్ముకుంటోందంట కదా, టీవీలో చూపిస్తున్నారు, ఇంకా ఏం చూస్తున్నావు, పిల్లనీ అమ్మాయినీ తీసుకుని వచ్చెయ్." చూపిస్తున్నది ఏమిటి నాన్నా అంటే, ఎర్రగా పసుపుగా సముద్రం అంతా పాకుతున్న మ్యాప్ అన్నారు. తర్వాత చూశాను, అది అమెరికా వాతావరణ సంస్థ సునామీ అలల ఎత్తు చూపించడానికి వేసిన మ్యాప్. ప్రపంచమంతా దాన్ని రేడియేషన్ మ్యాప్ అని తిప్పారు, మా వాళ్ళు చూసే ఛానెల్ కూడా తిప్పింది (పేరు చెప్పను, దాన్ని ఒక్కదాన్నే అని లాభం లేదు). పేలుడు దృశ్యం వెనక భయపెట్టే సంగీతం పెట్టి గంటకి ఎన్నిసార్లు వేశారో. అమెరికాలో ఫాక్స్ న్యూస్ అయితే జపాన్ అణు కేంద్రాల మ్యాప్‌లో "షిబుయా ఎగ్‌మన్" అని ఒకటి చూపించింది, అది టోక్యోలో పాటల కచేరీలు జరిగే క్లబ్బు. నవ్వొస్తుంది కానీ, మా అమ్మ రాత్రుళ్ళు నిద్రపోలేదు. బీపీ మాత్ర డోసు పెంచాల్సి వచ్చింది.

మార్చి 27న ఇంకోటి. రెండో రియాక్టర్ దగ్గర చేరిన నీళ్ళలో మామూలు కన్నా కోటి రెట్లు రేడియేషన్ ఉందని టెప్కో ప్రకటించింది, అదే రోజు కొలత తప్పు, లక్ష రెట్లు అని దిద్దుకుంది. కోటి బ్రేకింగ్ అయింది. లక్ష ఎంతమందికి చేరింది?

మీరు భయపెట్టడమే చేశారని కూడా అనలేను, మధ్యలో ఇంకో పని చేశారు. మన అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ అధిపతి ఎస్.కె. జైన్ పేలుళ్ళు జరుగుతున్న ఆ వారంలోనే, జపాన్‌లో జరిగింది అణు ప్రమాదం కాదు, ప్లాన్ ప్రకారం నడుస్తున్న అత్యవసర సన్నద్ధత కార్యక్రమం అన్నారు. అణుశక్తి సంఘం ఛైర్మన్ అది వట్టి రసాయన చర్య అన్నారు. దేశంలో మీడియా ఈ మాటల్ని అచ్చంగా అలాగే అచ్చువేసింది. మొదటి పేజీలో ప్రళయం, లోపలి పేజీలో "మన కేంద్రాలు భద్రం". ఒకే పత్రికలో, ఒకే రోజు. ఆ రెండు వార్తలు రాసినవాళ్ళు ఒకరి పేజీ ఒకరు చదువుకున్నారా అని నాకు అనుమానం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇన్నేళ్ళ తర్వాత తేలింది ఏమిటంటే, రేడియేషన్ వల్ల సాధారణ జనం ఆరోగ్యానికి జరిగిన నష్టం అప్పట్లో మనం భయపడ్డంత లేదు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక, ఫుకుషిమా నివాసులలో నేరుగా రేడియేషన్ వల్ల అని చెప్పదగ్గ అనారోగ్యాలేవీ నమోదు కాలేదంది. ప్లాంటులో పనిచేసిన ఒక కార్మికుడి ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణానికి ప్రభుత్వం 2018లో పరిహారం ఒప్పుకుంది. మరోవైపు, ఖాళీ చేయించడంలో, ఆ తర్వాతి శిబిరాల జీవితంలో, మందులు అందక, దిగులుతో, ఫుకుషిమా జిల్లాలో 2,300 మందికి పైగా పోయారు. ప్లాంటు పక్కనున్న ఫుతబా ఆసుపత్రి నుంచి మంచాన పడ్డ ముసలివాళ్ళని బస్సుల్లో గంటల తరబడి తిప్పారు, సుమారు 50 మంది చనిపోయారు. ఈ ప్రమాదంలో పెద్ద విషాదం అదే. నేను ఆ ఐక్యరాజ్యసమితి నివేదిక చదివాను, నమ్ముతున్నాను కూడా. కానీ మన బంధువుల గ్రూపులో ఈ మాట చెప్పండి, "నిన్ను కొనేశార్రా" అంటారు. జపాన్‌లోనూ అంతే. నాన్నా పులి కథ ఇక్కడ తిరగబడింది: పులి ఊళ్ళోకి వచ్చినప్పుడు లేదు లేదు అన్నవాళ్ళు, అది వెళ్ళిపోయాక నిజంగానే వెళ్ళిపోయిందన్నా ఎవరూ తలుపు తియ్యడం లేదు.

పిల్లల థైరాయిడ్ పరీక్షలు చూడండి. 3 లక్షల మంది పిల్లల్ని స్కాన్ చేశారు, గడ్డలు ఎక్కువగా కనిపించాయి. అంత వెతికితే ఎక్కడైనా అంత కనిపిస్తాయి, చాలావరకు ఎప్పటికీ హాని చెయ్యనివి అని ఎక్కువమంది నిపుణులు అంటున్నారు. ఇది సైన్సు ప్రకారం అర్థవంతమైన మాట. కానీ 2011 మార్చిలో "తక్షణం ఆరోగ్యం మీద ప్రభావం లేదు" అని పదేపదే చెప్పిన నోళ్ళే చెప్తే, ఒక తల్లి ఎందుకు వినాలి?

ఆపైన తప్పు రెండో వైపు కూడా జరిగింది. 2014 మేలో ఆసాహి పత్రిక, ప్లాంటు మేనేజర్ యోషిదా ఆజ్ఞని ధిక్కరించి సిబ్బందిలో 90 శాతం పారిపోయారని మొదటి పేజీలో రాసింది. ఆయన వాంగ్మూలం బయటికి వచ్చాక అది అలా చదవడానికి వీల్లేదని తేలి, సెప్టెంబరులో కథనం వెనక్కి తీసుకుని అధ్యక్షుడే క్షమాపణ చెప్పారు. యోషిదా అప్పటికి ఏడాది క్రితమే చనిపోయారు. అప్పటిదాకా గట్టిగా తవ్వి తీసిన కథనాలు రాసిన పత్రిక అది. ఈ ఒక్క దెబ్బతో, ఇక ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే "ఆసాహి లాగానా?" అనడం తేలికైపోయింది.

2023 ఆగస్టులో ప్లాంటు ట్యాంకుల్లో నిల్వ ఉన్న నీళ్ళు శుద్ధి చేసి సముద్రంలోకి వదలడం మొదలుపెట్టినప్పుడు మీ శీర్షికలు నేను దాచుకున్నా. "విషం", "అణు వ్యర్థం", "సముద్రానికి మరణశాసనం". ట్రిటియం (నీళ్ళలో కలిసిపోయి విడదీయడం కష్టమైన రేడియోధార్మిక హైడ్రోజన్) తప్ప మిగతావి చాలావరకు తీసేసిన నీళ్ళనీ, లీటరుకి 1,500 బెకరెళ్ల లోపు ఉండేలా పలచన చేసి వదులుతున్నారనీ, తాగే నీళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 10,000 అనీ ఎంతమంది రాశారు? అలాగే, తొలిదశలో శుద్ధి సరిగా జరగని నీళ్ళు ట్యాంకుల్లో చాలానే ఉన్నాయని, వాటిని మళ్ళీ శుద్ధి చెయ్యాల్సి ఉందని, ఈ మాట 2018 దాకా గట్టిగా బయటికి రాలేదని ఎంతమంది రాశారు? జాలరులకి కోపం వచ్చింది ఎక్కువగా ఆ దాచడం మీదే. రెండు నిజాలూ ఒకే వార్తలో పట్టవా? 2024 నవంబరులో కరిగిన ఇంధనంలో మొదటి ముక్క బయటికి తీశారు, గ్రాము కూడా లేదు, 0.7 గ్రాము. లోపల ఉన్నది సుమారు 880 టన్నులు. ఇంతకన్నా బలమైన వార్త ఏముంటుంది, సంగీతం కూడా అక్కర్లేదు.

జపాన్‌లో జనం ఊరికే కూర్చోలేదు. ప్రమాదం జరిగిన కొద్ది వారాలకే సేఫ్‌కాస్ట్ అని కొందరు వాలంటీర్లు కొలిచే పరికరాలు సొంతంగా తయారుచేసుకుని, కార్లకి కట్టుకుని, వీధి వీధీ తిరిగి అంకెల్ని అందరికీ పెట్టేశారు. ప్రభుత్వం అంకెల్ని వాటితో సరిచూసుకోవచ్చు. వాళ్ళు అణు విద్యుత్తుకి అనుకూలమో వ్యతిరేకమో చెప్పరు, అంకె చెప్తారు. అప్పటి నుంచీ నేను ఎవరి మాటైనా నమ్మేముందు అడిగే ప్రశ్న ఒకటే: నువ్వు వెళ్ళి కొలిచావా?

ఇదంతా మీకెందుకంటే, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు, పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. సముద్రం మీద వేటకెళ్ళి బతికే ఊళ్ళు అవి. అవి కడతారో లేదో, కడితే మంచిదో కాదో వేరే చర్చ. మీ జిల్లా ఎడిషన్లో దాని గురించి వచ్చేవి రెండు రకాలే: అధికారి వచ్చి పరిశీలించారు, జనం ధర్నా చేశారు. సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో కడతారు, డీజిల్ జనరేటర్లు ఎక్కడ పెడతారు (ఫుకుషిమాలో అవి కింద ఉండబట్టే మునిగాయి), ఖాళీ చేయించాల్సి వస్తే మంచం మీదున్న ముసలాయన్ని ఏ దారిలో ఎక్కడికి తీసుకెళ్తారు, ఇవి అడిగిన వార్త నా కంట పడలేదు. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ అనే విషవాయువు లీకైన రోజు గుర్తుందిగా. పన్నెండు మంది పోయారు. ఆ అర్ధరాత్రి మళ్ళీ లీకైందన్న మాట పుట్టి వేల మంది పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీద పడ్డారు. అంతా అదుపులో ఉందని చెప్పినా ఎవరూ ఆగలేదు.

కాబట్టి అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. ఒక్కో పత్రికలో, ఛానెల్లో ఒక్కరికైనా సీవర్టుకీ బెకరెల్‌కీ తేడా నేర్పించండి. అధికారి బైట్ వేసినప్పుడు పక్కనే "మా ప్రతినిధి అక్కడికి వెళ్ళలేదు" అన్నదే నిజమైతే ఆ నిజం కూడా వెయ్యండి, పరువేమీ పోదు. అంకె ఇస్తే ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కొలిచారో ఇవ్వండి. తప్పు పడితే సవరణ అదే స్క్రోలింగ్‌లో, అదే సైజులో. కంట్రిబ్యూటర్‌ని ప్రమాద స్థలానికి పంపితే మాస్కు, ఇన్సూరెన్సు ఇచ్చి పంపండి, లేకపోతే పంపొద్దు, ఆ కుర్రాడి జీతమెంతో నాకు తెలుసు.

దీనికి జవాబు ఇవ్వాలనిపిస్తే మీ పేజీలోనే ఇవ్వండి. విడిగా ఫోన్ చేసి "మీరన్నది నిజమే సార్, కానీ పై నుంచి ప్రెషర్" అని చెప్పేవాళ్ళు నాకు ఇప్పటికే ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

ఇట్లు,
తుని నుంచి ఒక పాఠకుడు